ట్యాంకు మీది బంతి, సిరిమాను మీదికి అరటిపండు: మీ ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే పాఠం మీద. ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకి ప్రక్షేపకాల పాఠం, అంటే విసిరిన వస్తువులు ఎలా పోతాయన్న పాఠం, ఇప్పుడే అయినట్టుంది, వాళ్ళతోపాటు ఒక తల్లి రాశారు, ఒక పీఈటీ మాస్టారు రాశారు, రోజూ రైల్లో తిరిగే ఒకాయన రాశారు. అందుకని మిగతా ప్రశ్నలు, అద్దాల మీద వచ్చిన రెండూ ఇన్వర్టర్ బ్యాటరీ మీద వచ్చిన ఒకటీ, వచ్చే నెలకి నెట్టేశాను, కోప్పడకండి. లెక్కలు తేలిగ్గా తేలడానికి గురుత్వ త్వరణం, అదే మనం జి అనేది, అన్నిచోట్లా 10 అని తీసుకున్నాను. నిజానికి 9.8. దాని గొడవ చివర్లో ఉంది.

ప్రశ్న: మాస్టారూ, నేను ఎంపీసీ మొదటి సంవత్సరం. ప్రొజెక్టైల్ ఫార్ములాలన్నీ కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను, కానీ లెక్క ఇస్తే సగం తప్పులే. మొన్న పరీక్షలో ఇచ్చింది ఇదీ: 15 మీటర్ల ఎత్తున్న ట్యాంకు మీద నుంచి, అడ్డానికి 30 డిగ్రీలు పైకి, సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతి విసిరారు, ట్యాంకు నుంచి ఎంత దూరంలో నేల మీద పడుతుంది? నాకు 34.6 మీటర్లు వచ్చింది. జవాబు 52 అట. రెండుసార్లు సరిచూసుకున్నాను, తప్పు కనపడలేదు. ఈ పాఠం అంటేనే టెన్షన్ వస్తోంది. (విద్యార్థిని, ఆమదాలవలస)

జవాబు: తల్లీ, గుణకారాలూ భాగహారాలూ అన్నీ సరిగ్గానే చేశావు, కాకపోతే వాళ్ళడిగిన లెక్కకి కాదు. రేంజ్ ఫార్ములా ఉంది చూడు, తొలివేగాన్ని వర్గం చేసి, సైన్ రెండు థీటాతో (థీటా అంటే విసిరిన కోణం) హెచ్చించి, జితో భాగించేది, అది విసిరిన మట్టంలోనే తిరిగి పడే బంతికి మాత్రమే చెల్లుతుంది. మైదానంలో తన్నిన ఫుట్‌బాల్‌కి సరే, ట్యాంకు మీది బంతికి చెల్లదు. అలాగని నీ 34.6 ఉత్తదేం కాదు. ట్యాంకు నుంచి 34.6 మీటర్ల దూరంలో బంతి మళ్ళీ ట్యాంకు ఎత్తుకి దిగుతుంది, నిజమే, కానీ అక్కడ దాని కింద ఇంకా 15 మీటర్ల ఖాళీ ఉంది. నువ్వు దాన్ని గాల్లోనే వదిలేసి పెన్ను మూసేశావు.

చాలా ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను. ఫార్ములాలన్నీ అప్పజెప్పే పిల్లలకంటే, ఒక్కటీ గుర్తులేక బొమ్మ గీసుకుని తంటాలు పడే పిల్లలకే ఈ పాఠంలో ఎక్కువ లెక్కలు వచ్చేవి. కాబట్టి నువ్వూ ముందు బొమ్మ వెయ్యి. తర్వాత కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమ పక్క ‘అడ్డం’ అనీ కుడి పక్క ‘నిలువు’ అనీ రాయి. బంతి చెయ్యి వదిలాక దాన్ని లాగేది భూమి ఒక్కటే (గాలి సంగతి తర్వాత చూద్దాం), ఆ లాగడం కిందికే, పక్కకి లాగదు. కాబట్టి అడ్డం గడిలో వేగం మొదట ఎంతో నేల తగిలేదాకా అంతే. నిలువు గడిలో మాత్రం సెకను సెకనుకీ 10 చొప్పున తరుగుతూ వచ్చి సున్నా అయి, ఆ పైన కిందివైపు అదే చొప్పున పెరుగుతుంది. ఈ గడిలో ఏం జరుగుతోందో ఆ గడికి తెలీదు, పట్టదు కూడా. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది గడియారం ఒక్కటే. నిలువు గడిలో నేల వచ్చేసిన క్షణానే అడ్డం గడిలో పరుగు కూడా ఆగుతుంది. అందుకని చాలా లెక్కల్లో పని ఇదే: నిలువు గడిలో కాలం పట్టుకోవడం, దాన్ని తెచ్చి అడ్డం గడిలో వాడుకోవడం.

ఇప్పుడు నీ ట్యాంకు. సైన్ 30 సగం కాబట్టి నిలువు వేగం 10, కాస్ 30 అంటే 0.866 కాబట్టి అడ్డం వేగం 17.3. పైవైపు ప్లస్ అనుకుందాం, భూమి కిందికి లాగుతోంది కాబట్టి జి మైనస్. ఈ గుర్తులు మొదటి లైన్లోనే రాసిపెట్టుకో, మధ్యలో మనసు మార్చుకోకు, సగం మార్కులు పోయేది అక్కడే. టీ సెకన్ల తర్వాత నేల నుంచి బంతి ఎత్తు: 15 + 10 టీ − 5 టీ వర్గం. నేల తగిలిందంటే ఆ ఎత్తు సున్నా. అంతటినీ 5తో భాగించి సర్దితే టీ వర్గం − 2 టీ − 3 = 0. కారణాంకాలు విడగొడితే టీ = 3, లేదా టీ = −1. మూడు సెకన్లు. అడ్డం గడికి పద, 17.3 ఇంటూ 3, అంటే దాదాపు 52 మీటర్లు. అయిపోయింది, రేంజ్ ఫార్ములా జోలికే పోలేదు చూశావా?

ఆ మైనస్ ఒకటిని అందరూ ‘కాలం రుణాత్మకం కాదు కాబట్టి వదిలేద్దాం’ అని కొట్టేస్తారు. కొట్టెయ్యి, మార్కులు పోవు. కానీ దానికీ అర్థం ఉంది, నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే. నీ బంతి ట్యాంకు మీద నుంచి బయల్దేరడానికి ఒక సెకను ముందు నేల మీద ఉండి ఉంటే? అంటే ట్యాంకుకి 17.3 మీటర్లు వెనకాల నిలబడి ఎవరో నేల మీద నుంచే, నిలువు వేగం 20, అడ్డం వేగం 17.3 వచ్చేలా విసిరారనుకో. సరిగ్గా ఒక సెకను తర్వాత ఆ బంతి 15 మీటర్ల ఎత్తున, ట్యాంకు అంచు దగ్గర, నిలువు వేగం 10తో పోతూ ఉంటుంది, అచ్చం నీ చేతిలోంచి వచ్చినట్టే. సమీకరణానికి నువ్వు ట్యాంకెక్కావని తెలీదు కదా, అది మొత్తం పరావలయాన్ని, అంటే బంతి పోయే ఆ వంపు దారిని, చూసి, నేలని తాకే రెండు చోట్లూ చెప్పేసింది.

చివరగా ఇంకో సంగతి, దీన్ని అలవాటు చేసుకో. జవాబు వచ్చాక వేరే దారిలో సరిచూడు. పడేటప్పుడు నిలువు వేగం 10 − 30, అంటే కిందికి 20. అడ్డం వేగం వర్గం 300, నిలువు వేగం వర్గం 400, కలిపితే 700. శక్తి నిత్యత్వం ప్రకారం చూస్తే, మొదటి వేగం వర్గం 400, దానికి రెండు ఇంటూ జి ఇంటూ ఎత్తు, అంటే 300 కలపాలి, అదీ 700. కలిసింది. ఒక్క నిమిషం పని, ‘రెండుసార్లు సరిచూసుకున్నాను’ అంటే ఇలా ఉండాలి. అదే తప్పుని రెండుసార్లు చేస్తే జవాబు కూడా రెండుసార్లూ అదే వస్తుంది మరి.

ప్రశ్న: పోయిన నెల మీరు, ఒకే వేగంతో ఒక బంతిని 30 డిగ్రీల్లో, ఇంకోదాన్ని 60 డిగ్రీల్లో విసిరితే ‘రెండూ ఒకేచోట, ఒకేసారి పడతాయి’ అని రాశారు. ఒకేచోట సరే, ఒకేసారి ఎలా? (బొబ్బిలి పాఠకుడు)

జవాబు: తప్పు నాదే, దిద్దినందుకు సంతోషం. రాసేటప్పుడు చెయ్యి జారింది అని బుకాయించను, ఆలోచించకుండా రాశాను. సెకనుకు 20 మీటర్ల వేగంతో చదును నేల మీద విసిరితే రెండూ 34.6 మీటర్ల దగ్గరే పడతాయి, కానీ 30 డిగ్రీలది 5 మీటర్ల ఎత్తుకే వెళ్ళి 2 సెకన్లలో దిగిపోతుంది, 60 డిగ్రీలది 15 మీటర్ల ఎత్తెక్కి దాదాపు మూడున్నర సెకన్లు తీసుకుంటుంది. గాల్లో ఎంతసేపు ఉంటుందో తేల్చేది నిలువు వేగం ఒక్కటే. 45కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న కోణాలకి వ్యాప్తి (రేంజ్, బంతి పోయి పడే దూరం) సమానం అన్న మాట గెలీలియో 1638లో అచ్చు వేసిన పుస్తకంలోనే ఉంది. ఒకేసారి పడతాయన్న ముక్క నా సొంతం.

ప్రశ్న: మా డాబా మీద నుంచి ఒక కొబ్బరికాయని ఊరికే వదిలేసి, అదే క్షణంలో ఇంకో కాయని తిన్నగా ముందుకి విసిరితే ఏది ముందు నేల మీద పడుతుంది? వదిలిందే ముందు పడుతుందని నేను, రెండూ ఒకేసారని మా బావ. పందెం నాలుగు సమోసాలు. విసిరిన కాయ అంత దూరం వెళ్ళాలి కదా మాస్టారూ, ఆలస్యం అవ్వాలి కదా. (కవిటి)

జవాబు: సమోసాలు బావకి ఇప్పించు. దూరం ఎక్కువే, నిజం, కానీ ఆ ఎక్కువ దూరం అడ్డంగా పోయింది, కిందికి పోవాల్సిన దూరం రెండిటికీ ఒకటే. డాబా 5 మీటర్లయితే రెండూ ఒక్క సెకనులో నేల తాకుతాయి. సెకనుకు 6 మీటర్ల వేగంతో విసిరిన కాయ గోడకి 6 మీటర్ల దూరంలో పడుతుంది, వదిలిన కాయ గోడ పక్కనే పడుతుంది, చప్పుడు ఒకటే.

అయితే మీరు డాబా ఎక్కి చూసుంటే నువ్వే గెలిచినట్టు కనపడి ఉంటుంది, నాకు తెలుసు. ఎందుకంటే మనిషి చెయ్యి తిన్నగా విసరలేదు, తెలియకుండానే కాస్త పైకి విసురుతుంది. ఆ ‘కాస్త’ నిలువు గడిలోకి వెళ్ళిపోతుంది, దాంతో కాయ ఆలస్యంగా దిగుతుంది. కాయలు పగలగొట్టుకోకుండా ఇంట్లోనే చూడొచ్చు. బల్ల అంచున రెండు రూపాయి బిళ్ళలు పెట్టి, ఒకదాన్ని స్కేలుతో గట్టిగా ముందుకి కొట్టు, అదే కదలికలో రెండోది అంచు నుంచి జారి కింద పడేలా చూడు. కళ్ళు మూసుకుని విను. బల్ల 80 సెంటీమీటర్లయితే 0.4 సెకన్లలో రెండూ పడతాయి, కుదిరితే ‘టంగ్’మని ఒక్కసారే వినిపిస్తుంది. మొదటి నాలుగైదు సార్లు కుదరదు, విసుక్కోకు.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సిరిమాను రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి, మాను చివర కూర్చున్న పూజారి గారి వైపు సూటిగా గురి చూసి మరీ అరటిపళ్ళు విసిరాడు. ఒక్కటీ తగల్లేదు, అన్నీ కింద నుంచే పోయాయి. పక్కనున్న ముసలాయన ‘పైకి విసరాలి బాబూ’ అన్నాడట. గురి చూసినచోటికి ఎందుకు పోదు అని ఇప్పటికీ నన్ను తినేస్తున్నాడు. (విజయనగరం తల్లి)

జవాబు: అమ్మా, ఆ ముసలాయనకి భౌతికశాస్త్రం బాగా వచ్చు. ఊరు తెలియని పాఠకుల కోసం ఒక్క మాట: విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పొడుగాటి చింతమాను చివర ఆసనం కట్టి పూజారిని కూర్చోబెట్టి, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు, జనం అరటిపళ్ళు విసిరి మొక్కు తీర్చుకుంటారు.

మీవాడికి ట్రిగనామెట్రీ ఇంకా రాదు కాబట్టి 3-4-5 త్రిభుజంతో చెబుతాను. వాడి చేతి కంటే పూజారి గారు 8 మీటర్లు పైన, అడ్డంగా 6 మీటర్ల దూరంలో ఉన్నారనుకుందాం (అంకెలు నావే, కొలిచినవి కావు). సూటి దూరం 10 మీటర్లు. వాడు సెకనుకు 20 మీటర్ల వేగంతో సరిగ్గా ఆయన వైపే విసిరాడు. అందులో, త్రిభుజం నిష్పత్తిలోనే, అడ్డం వాటా 12, నిలువు వాటా 16. అడ్డంగా 6 మీటర్లు దాటడానికి అర సెకను. భూమి లాగకపోతే ఆ అర సెకనులో పండు సరిగ్గా 8 మీటర్లు ఎక్కి చేరిపోయేది. కానీ భూమి ఊరుకోదు, అర సెకనులో ఏ వస్తువునైనా అది ఉండాల్సిన చోటి నుంచి 1.25 మీటర్లు కిందికి దించేస్తుంది. అందుకే పండు మనిషి నడుం ఎత్తు కంటే కూడా ఎక్కువే తగ్గి పోయింది. గురి తప్పలేదు, గురి చూసిన గీత మీద పండు ఉండదు, అంతే.

మీవాడు చిన్నవాడు, 20 అంత వేగంగా విసరగలడా అని నాకు అనుమానం. 10 అనుకుంటే అడ్డం 6, నిలువు 8. నిలువు వేగం 8తో బయల్దేరిన పండు 3.2 మీటర్లకి మించి ఎక్కనే ఎక్కదు, ఎంత గురి చూసినా లాభం లేదు. 8 మీటర్లు ఎక్కాలంటే నిలువు వేగమే కనీసం 12.6 ఉండాలి. కాబట్టి ముసలాయన మాటకి నాదొక సవరణ: పైకీ విసరాలి, గట్టిగానూ విసరాలి. బండి కదలడం కూడా ఉంది గానీ, నడక వేగంతో సెకనుకు ఒక మీటరు పోతుందనుకుంటే అర సెకనులో అరమీటరు, ఆ మేరకు ముందుకి విసిరితే చాలు. అయినా పండు ఎక్కడ పడ్డా అమ్మవారికి చేరినట్టేనని మా అమ్మ అనేది, దానికి లెక్క నా దగ్గర లేదు.

ఇంటర్ పిల్లలకి ఒక మాట. మీ పుస్తకాల్లో కొమ్మ మీది కోతి లెక్క ఉంటుంది: సూటిగా కోతి వైపే బాణం వదిలారు, అదే క్షణంలో కోతి కొమ్మ వదిలేసింది, తగులుతుందా? తగులుతుంది. అర సెకనులో అరటిపండు తన గీత నుంచి 1.25 మీటర్లు దిగినట్టే, కోతీ తన కొమ్మ నుంచి 1.25 మీటర్లు దిగుతుంది. పాపం, కొమ్మ పట్టుకునే ఉంటే బతికిపోయేది.

ప్రశ్న: పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తుకి చేరినప్పుడు వేగం సున్నా, కాబట్టి త్వరణం కూడా సున్నా అని రాస్తే మా లెక్చరర్ సున్నా వేశారు. ఎందుకు? (రాజాం)

జవాబు: వేసింది రైటే. త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి, ఎప్పుడైనా చూశావా? వేగం ఆ క్షణంలో సున్నా, మరుక్షణంలో కిందికి మొదలవుతుంది, ఆ మార్పు రేటే త్వరణం, అది పైనా కిందా మధ్యలోనూ అదే 9.8. ఇంకో మాట, ఏటవాలుగా విసిరిన బంతికైతే పైకొసన వేగం కూడా సున్నా కాదు, నిలువు వాటా ఒక్కటే సున్నా, అడ్డం వాటా అలాగే ఉంటుంది.

ప్రశ్న: నేను హైస్కూల్లో పీఈటీని. జావెలిన్ విసిరే పిల్లకి మా సైన్సు మాస్టారు ‘45 డిగ్రీల్లో విసిరితేనే ఎక్కువ దూరం, పుస్తకంలో ఉంది’ అంటున్నారు. నేను 35 దాటనివ్వను. ఎవరి మాట వినాలో తెలీక పిల్ల బిత్తరపోతోంది. (విజయనగరం జిల్లా)

జవాబు: పిల్లని మీ మాటే వినమనండి. పుస్తకమూ అబద్ధం చెప్పలేదు, కాకపోతే దానికి మూడు షరతులున్నాయి: విసిరిన మట్టంలోనే పడాలి, ఏ కోణంలో విసిరినా వేగం ఒకటే ఉండాలి, గాలి అడ్డు రాకూడదు. మైదానంలో మూడూ చెల్లవు.

మొదటిది చిన్న విషయం. చెయ్యి నేల మీద ఉండదు, భుజం పైన ఉంటుంది. షాట్‌పుట్ గుండుని 2.2 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 14 మీటర్ల వేగంతో వదిలారనుకుంటే, ఎక్కువ దూరం పోయే కోణం 42 దగ్గరికి వస్తుంది. జావెలిన్ వేగం చాలా ఎక్కువ కాబట్టి ఎత్తు వల్ల ఒక డిగ్రీ కూడా తగ్గదు. అసలు కథ రెండో షరతులో ఉంది, అది మీకే బాగా తెలుసు. పరిగెత్తుకొచ్చి విసిరేటప్పుడు మనిషి ఒళ్ళు ముందుకి తోసినంత బలంగా పైకి తొయ్యలేదు, కోణం పెంచేకొద్దీ చెయ్యి వదిలే వేగం పడిపోతుంది. వ్యాప్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, కోణం వల్ల వచ్చే లాభం కంటే వేగం తగ్గడం వల్ల వచ్చే నష్టమే ఎక్కువ. సైన్సు మాస్టారికి ఈ లెక్క చూపించండి: 35 డిగ్రీలకి సైన్ 70 అంటే 0.94, 45కి సైన్ 90 అంటే 1. తేడా ఆరు శాతం. వేగం మూడు శాతం తగ్గితే ఆ ఆరూ కొట్టుకుపోతాయి.

మూడోది గాలి. జావెలిన్ రాయిలా పోదు, సన్నగా పొడుగ్గా ఉండి గాలి మీద కాస్త తేలుతుంది. 1984లో తూర్పు జర్మనీ ఆటగాడు ఊవే హోన్ 104.80 మీటర్లు విసిరేశాడు, ఇంకా పెరిగితే మైదానాలు చాలవన్న భయం పట్టుకుంది. 1986 నుంచి మగవాళ్ళ జావెలిన్ గరిమనాభిని (బరువంతా అక్కడే ఉన్నట్టు అనుకునే బిందువుని) ముందుకి జరిపారు, దాంతో మొన ముందే కిందికి వాలి త్వరగా నేల దిగుతుంది. నీరజ్ చోప్రా టోక్యోలో 2021 ఆగస్టు 7న 87.58 మీటర్లతో బంగారు పతకం తెచ్చింది ఈ కొత్త రకంతోనే. పుస్తకం ఫార్ములా ప్రకారం, గాలి లేకుండా 45 డిగ్రీల్లో అంత దూరం పోవాలంటే సెకనుకు 29 మీటర్ల పైచిలుకు, అంటే గంటకి 105 కిలోమీటర్ల పైన వేగం కావాలి. ఒక మనిషి చేత్తో విసిరిన వస్తువుకి అంత వేగమంటే, నాకైతే ఆ అంకె వేసుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం. పాఠం అర్థమవుతోంది, లెక్క చదివితే అర్థం కావట్లేదు. (టెక్కలి)

జవాబు: బాబూ, ఇది నీ ఒక్కడి బాధ కాదు. పేర్లతో పెద్ద ఇబ్బంది లేదు: ప్రక్షేపకం ప్రొజెక్టైల్, వ్యాప్తి రేంజ్, పలాయన కాలం టైమ్ ఆఫ్ ఫ్లైట్ (పలాయనం అనగానే మా రోజుల్లో క్లాసంతా నవ్వేది), వడి స్పీడ్, వేగం వెలాసిటీ. ఇబ్బందంతా లెక్కలో దాక్కున్న చిన్న మాటలతో. ‘డ్రాప్డ్’ అంటే ఊరికే వదిలారు, తొలివేగం సున్నా. ‘ప్రొజెక్టెడ్ హారిజాంటల్లీ’ అంటే తిన్నగా ముందుకి విసిరారు, నిలువు తొలివేగం సున్నా, అడ్డం వేగం ఉంది. ‘జస్ట్ క్లియర్స్ ద వాల్’ అంటే గోడని రాసుకుంటూ దాటింది, గోడ దగ్గర బంతి ఎత్తు గోడ ఎత్తుకి సమానం అని రాసుకో, అదే నీ సమీకరణం. ఒక మోసం మాత్రం గుర్తుపెట్టుకో: పైకి వెళ్తున్న బెలూన్ నుంచి ‘డ్రాప్డ్’ అంటే తొలివేగం సున్నా కాదు, బెలూన్ వేగమే దానికీ ఉంటుంది, అంటే రాయి కాస్త పైకెళ్ళాకే కిందికి వస్తుంది. ఒక నెల రోజులు ప్రతి లెక్కనీ చెయ్యడానికి ముందు తెలుగులో నీకు నువ్వు చెప్పుకో, పైకే చెప్పుకో. హాస్టల్లో నవ్వుతారు, నవ్వనీ.

ప్రశ్న: నేను ఉద్యోగానికి రోజూ శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖ రైల్లో తిరుగుతాను. ఎదురు సీట్లో పిల్లాడు వేరుశనగ గింజల్ని పైకి ఎగరేసి నోటితో పట్టుకుంటున్నాడు. రైలు అంత వేగంగా పోతుంటే గింజ వెనక్కి పడిపోవాలి కదా? (రైలు ప్రయాణికుడు)

జవాబు: గింజ కూడా రైల్లోనే ఉంది కదండీ, టికెట్టు లేకపోయినా రైలు వేగం దానికీ ఉంటుంది. రైలు గంటకి 72 కిలోమీటర్లతో పోతోందనుకుందాం, 5తో హెచ్చించి 18తో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. పిల్లాడు సెకనుకు 3 మీటర్ల వేగంతో గింజని ఎగరేస్తే అది 45 సెంటీమీటర్లు ఎక్కి, మొత్తం 0.6 సెకన్లలో మళ్ళీ నోటి దగ్గరికి వస్తుంది. ఆ 0.6 సెకన్లలో రైలు 12 మీటర్లు పోతుంది, పిల్లాడూ 12 మీటర్లు పోతాడు, గింజ కూడా అంతే. ఎవరూ వెనకబడలేదు.

ఇందులో సరదా ఏంటంటే, మీకు అది నిట్టనిలువు గీత మీద లేచి పడినట్టు కనిపిస్తుంది. రైలు పొందూరు స్టేషన్లో ఆగకుండా పోతుంటే ప్లాట్‌ఫారం మీదున్న మనిషికి, కిటికీలోంచి కనపడితే, అదే గింజ 12 మీటర్ల పొడుగూ 45 సెంటీమీటర్ల ఎత్తూ ఉన్న పరావలయం మీద పోతుంది. ఇద్దరూ చూసింది నిజమే, నిలువు గడి ఇద్దరికీ ఒకటే, అడ్డం గడిలో అంకె మారింది. గింజ గాల్లో ఉండగా డ్రైవరు బ్రేకు వేస్తే మాత్రం రైలు వేగం తగ్గుతుంది, గింజ వేగం తగ్గదు, కాబట్టి అది ఇంజను వైపు జరిగి పడుతుంది. పిల్లాడు ఇంజను వైపు మొహం పెట్టి కూర్చుంటే ఒళ్ళో పడుతుంది, మీ సీటు అటువైపు ఉంది కాబట్టి మీ చొక్కా మీద పడినా ఏమనకండి.

ప్రశ్న: జి విలువ 9.8 వెయ్యాలా 10 వెయ్యాలా? ఈఏపీసెట్‌కి చదువుతున్నాం, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. (శ్రీకాకుళం, ముగ్గురు స్నేహితులు)

జవాబు: ప్రశ్నలో ఇస్తే ఇచ్చిందే. ఇవ్వకపోతే అంకెల మొహం చూడండి. ఎత్తు 4.9, 19.6, 44.1 లాంటిదైతే లెక్క తయారుచేసినాయన 9.8 మనసులో పెట్టుకున్నాడు, అవి 1, 2, 3 సెకన్లలో పడే ఎత్తులు. 5, 20, 45, 80 ఉంటే 10 పెట్టుకున్నాడు. రెండూ కాకపోతే ఆప్షన్లు చూడండి, దూరదూరంగా ఉంటే 10తో చేసి దగ్గరగా ఉన్నది పెట్టెయ్యండి, 10తో చేస్తే రెండు శాతం మించి తేడా రాదు. ఆప్షన్లు 20, 20.4 అని పక్కపక్కనే ఉంటే మాత్రం 9.8తోనే చెయ్యండి.